షీటు చేతిలో పెట్టే ముందు: తిరుపతి మందుల షాపుల వారికి ఒక బహిరంగ లేఖ

గాంధీ రోడ్డు, లీలామహల్ సర్కిల్, కొర్లగుంట, బైరాగిపట్టెడ, బస్టాండు చుట్టుపక్కల, అలిపిరి దారిలో మందుల షాపులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్ళకు, కౌంటర్ దగ్గర నిలబడే పిల్లలకు నమస్కారం.

నేను చంద్రగిరి మండలంలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైర్ అయినదాన్ని. మీలో కొందరికి నా ముఖం తెలుసు, నెలనెలా బీపీ మాత్రలకు వస్తుంటాను. చిల్లర లేదంటే చాక్లెట్ ఇస్తారు, తీసుకుంటాను. ఈ ఉత్తరం దాని గురించి కాదులెండి, మీరు అమ్మే గర్భ నిరోధక మాత్రల షీట్ల గురించి, నెలసరి వాయిదా వేసే మాత్రల గురించి.

మా అక్క కూతురి గురించి చెప్పాలి. 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు, బెంగళూరులో ఉద్యోగం. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే బుక్ చేసుకున్నారు. తీరా రోజులు దగ్గరపడ్డాక లెక్క చూసుకుంటే సరిగ్గా ఆ వారమే బయట చేరేలా ఉంది. పదిమంది టికెట్లు, అత్తామామలు ఊరి నుంచి వస్తున్నారు, ఒక్కదాని కోసం అన్నీ మార్చలేరు. ఈ టెన్షన్ ఈ ఊళ్ళో మీకు కొత్త కాదు, రోజూ మీ కౌంటర్ మీదికి వచ్చేదే. వారం ముందే మా ఇంటికొచ్చింది. సాయంత్రం కూరగాయలకని వెళ్ళి దారిలో ఒక షాపులో డేట్ వాయిదా పడే మాత్ర అడిగింది. ఏ షాపో రాయను. ఆ కుర్రాడి చోట మీలో ఎవరున్నా బహుశా అదే చేసేవాళ్ళు.

అతను ఏమీ అడగలేదు. గర్భ నిరోధక మాత్రల షీటు తీసి, పాత పేపరు ముక్కలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు. "రోజుకొకటి మేడమ్. ఆపకుండా వేసుకుంటే డేట్ రాదు, గర్భమూ రాదు, రెండిటికీ ఇదే" అన్నాడట. ఒక దెబ్బకు రెండు పిట్టలు అనుకుంది మా పిల్ల. దర్శనం చక్కగా అయింది. తర్వాతి నెల తమ్ముడి పెళ్ళి, ఆ పై నెల ఆడపడుచు గృహప్రవేశం. ఒక షీటు అవగానే ఇంకో షీటు. మధ్యలో డాక్టర్ అన్నవాళ్ళ ముఖం చూసింది లేదు.

మూడో నెలలో రాత్రి బస్సులో మా ఇంటికి వచ్చింది. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని వంగి ఎడమ కాలి పట్టీ తీసుకోవడానికి తంటాలు పడుతోంది. కొక్కెం రావడం లేదు. కుడి కాలి పట్టీ ఎప్పటిలాగే వదులుగా చీలమండ మీద జారుతోంది. ఎడమ కాలిది మాత్రం చర్మంలోకి దిగిపోయి ఉంది, దాని పైనా కిందా కాలు నిగనిగలాడుతోంది. పిక్క మీద చెయ్యి వేస్తే వేడిగా ఉంది, కాస్త నొక్కగానే కెవ్వుమంది. "రాత్రంతా బస్సులో కాళ్ళు వేలాడేసి కూర్చున్నా కదా పిన్నీ, అందుకే" అంది. రెండు రోజులుగా నొప్పి ఉంటే బెంగళూరులో ఏదో షాపులో జెల్ ట్యూబు, నొప్పి మాత్రలు కొనుక్కుని పూసుకుంటూ మింగుతూ వచ్చిందట. రెండు కాళ్ళూ వేలాడేసి కూర్చుంటే ఒక్క కాలే ఎందుకు వాస్తుందే అని అడిగి, మా ఆయన్ని పిలిచాను. ఆయన కటింగ్ ప్లయర్ తెచ్చి పట్టీ కత్తిరించారు. అటు నుంచి అటే ఆస్పత్రికి.

డాప్లర్ స్కాన్‌లో పిక్క నుంచి తొడ దాకా సిరలో రక్తం గడ్డ కట్టి ఉంది. పొట్ట మీద ఇంజెక్షన్లు, ఆ తర్వాత ఆరు నెలలు రక్తం పలచబడే మాత్రలు. ఆ గడ్డలో ఒక ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోవచ్చు. మా అదృష్టం బాగుండి అది జరగలేదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఏ మాత్రలు వాడుతున్నావు అని. రెండోది, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా అని. పక్కనే ఉన్న మా అక్క, "దీన్ని కన్నాక నాక్కూడా కాలు ఇట్నే వాచింది కదమ్మా, నెల రోజులు మంచం దిగలే" అంది. అది వినగానే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి ఆడవాళ్ళను అడిగిన ప్రశ్నను నా సొంత ఇంట్లో నేనే అడగలేదు. కాబట్టి ఆ కుర్రాడిని తిట్టే హక్కు నాకు లేదు. తల్లికి ఒకసారి గడ్డ కట్టినంత మాత్రాన కూతురికి ఈ మాత్రలు బొత్తిగా నిషేధమని, ఎవరికి ఏ గర్భ నిరోధకం తగునో చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక కూడా అనదు. కానీ అడిగి ఉంటే, ముందు డాక్టర్‌కు చూపించుకో అని ఒక మాట చెప్పి ఉండేవాళ్ళం. ఈ మాత్ర కాక మరొకటి దొరికేది.

ఇక్కడిదాకా చదివి "అయితే ఇవి అమ్మడమే మానేస్తాం తల్లీ" అనకండి. దానికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉండదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ గర్భ నిరోధక మాత్రల షీట్లు నేను నా సంచిలో వేసుకుని ఇంటింటికీ పంచాను. వాటి వల్ల చదువు మధ్యలో ఆగకుండా నిలబడిన కోడళ్ళు, ఏడాదికో కాన్పు తప్పించుకున్న తల్లులు నాకు తెలుసు. అందులో ఉండేవి రెండు హార్మోన్లు: 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ (ఇది ఈస్ట్రోజన్ రకం), 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ (ఇది ప్రొజెస్టరోన్ లాంటిది). మీ షాపుల్లో అమ్మే మాలా-డి కూడా అంతే. రోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి మించి గర్భం రాదు. మామూలు మనుషులం, మరిచిపోతాం కాబట్టి వాస్తవంలో నూటికి ఏడుగురి దాకా వస్తుంది. నెలసరిలో రక్తం తక్కువ పోతుంది, రక్తహీనత ఎక్కువగా ఉన్న మన పల్లెల్లో అదేం చిన్న మేలు కాదు. అండాశయం, గర్భాశయం లోపలి పొర క్యాన్సర్లు తగ్గుతాయి. వాడుతున్నన్నాళ్ళు రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, మానేశాక క్రమంగా మామూలుకు వస్తుంది. మాత్రలు మానేశాక ఇక పిల్లలు పుట్టరనేది మాత్రం ఒట్టి పుకారు.

షీటులో 28 మాత్రలు: 21 హార్మోన్‌వి, చివరి ఏడు ఐరన్‌వి. మా సబ్ సెంటర్ పరిధిలో ఒకామె తెల్లవి తను వేసుకుని, రంగువి తీసి వాళ్ళ అత్తకు ఇచ్చేది. ఎందుకమ్మా అంటే, "ఆమెకు రక్తం లేదంట కదా, ఐరన్ అని మీరే చెప్తిరి" అంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, అత్తాకోడళ్ళ మధ్య సఖ్యత కూడా పెరిగినట్టుంది. అయితే ఆ ఏడు ఎందుకున్నాయో తెలియక, ఐరన్ అయిపోయాక కూడా నాలుగు రోజులు ఊరికే ఉండి కొత్త షీటు మొదలుపెట్టేవాళ్ళు ఎందరో. ఆ ఆలస్యంలోనే గర్భం వస్తుంది. మాత్ర పనిచేయలేదని మీ దగ్గరికొచ్చి గొడవ పడేదీ వాళ్ళే.

గడ్డ ముప్పు ఎంత అన్నదీ ఉన్నది ఉన్నట్టే చెప్పాలి. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2013లో ఈ మాత్రలన్నిటినీ తిరిగి పరిశీలించి ఇచ్చిన లెక్క ఇది. ఏ మాత్రా వాడని, గర్భంతో లేని 10,000 మంది ఆడవాళ్ళలో ఏడాదికి ఇద్దరికి ఇలా గడ్డ కడుతుంది. లెవోనార్జెస్ట్రెల్ ఉన్న మాత్ర వాడేవాళ్ళలో అయిదు నుంచి ఏడుగురికి. దాని బదులు డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ అనే హార్మోన్లు ఉన్నవి వాడేవాళ్ళలో తొమ్మిది నుంచి పన్నెండు మందికి. గర్భంలో, ముఖ్యంగా కాన్పయిన తొలి వారాల్లో ఈ ముప్పు మాత్రల కంటే ఎక్కువ. అందుకే భయపెట్టి మాన్పించడం తప్పు అంటున్నాను. 1995లో బ్రిటన్‌లో కొన్ని రకాల మాత్రల మీద ఒక్కసారిగా హెచ్చరిక వచ్చేసరికి వేలమంది మధ్యలోనే ఆపేశారు, ఆ తర్వాత అక్కడ అబార్షన్లు పెరిగాయి.

ఈ అంకెల్లో మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. షీట్లన్నీ ఒకటి కాదు. "ఆ కంపెనీది అయిపోయిందమ్మా, ఇది కూడా అంతే" అని వేరేది ఇస్తారు చూడండి, అది చాలాసార్లు "అంతే" కాదు. లోపలి మందు మారుతుంది, షీటు లెక్కా మారుతుంది. ఒకదానిలో 28 ఉంటే ఇంకోదానిలో 21 మాత్రమే ఉంటాయి, అది అయ్యాక ఏడు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మరొకదానిలో 24 మందువి, నాలుగు ఖాళీవి. 28కి అలవాటుపడ్డామె 21 షీటు ఎలా వాడుతుందో ఎవరు చెబుతారు? పారాసిటమాల్‌లో కంపెనీ మారితే ఫర్వాలేదు. ఇందులో మారిస్తే ఆ సంగతి ఆమెకు నోటితో చెప్పి మరీ ఇవ్వాలి. గడ్డ కట్టే ముప్పు మొదలుపెట్టిన కొత్తలో, తొలి ఏడాదిలో ఎక్కువ. నెల, అంతకంటే ఎక్కువ రోజులు ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ ముప్పు మళ్ళీ మొదటికొస్తుంది. పండక్కి నెల, పెళ్ళికి నెల అని ఆపి ఆపి వాడటం అందుకే మంచిది కాదు.

ఇక దర్శనం మాత్రలు, అంటే దర్శనానికని నెలసరి వాయిదా వేసుకోవడానికి వేసుకునేవి. ఈ మాట తిరుపతిలో తప్ప ఎక్కడా ఉండదేమో. గుడికి ఏ రోజు వెళ్ళాలి, ఏ రోజు కూడదు అన్నది ఎవరి నమ్మకం వాళ్ళది, నేను అందులోకి పోను. నేనూ ఒకప్పుడు వేసుకున్నాను. మీరు ఎక్కువగా ఇచ్చేది నోరెథిస్టెరోన్, అయిదు మిల్లీగ్రాములు, రోజుకు మూడు. అది డేట్‌కు మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి. ఆపాక రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి రైలు దిగి, తెల్లారి దర్శనానికి, అప్పటికే నడుము నొప్పి మొదలైన ఆమెకు ఆ షీటు అమ్మితే మీకు డబ్బులు, ఆమెకు వికారం, అంతే. ఇక ఆగదమ్మా అని చెప్పే షాపాయన ఒక్కరినైనా చూడాలని ఉంది.

గడ్డ ముప్పు పెంచేది ముఖ్యంగా ఈస్ట్రోజన్, అది ఇందులో లేదు కదా, భయమేముంది అని మీలో చదువుకున్నవాళ్ళు అంటారు. నిజమే, షీటు మీద ఉండదు. కానీ ఆ మోతాదులో ఒంట్లోకి వెళ్ళాక అందులో కొంత ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గానే మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల (అంటే 0.02 నుంచి 0.03 మిల్లీగ్రాముల) ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర వేసుకున్నంత. అంటే ఒకప్పుడు గడ్డ కట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు దీనికీ దూరంగా ఉండాల్సిందే. పైగా అలా నాలుగు రోజులు వేసుకుంటే గర్భం రాదనుకోకూడదు. ఆ వాడకం గర్భ నిరోధకం కింద లెక్కకు రాదు. మన దగ్గరికి వచ్చేవాళ్ళ పరిస్థితి కూడా చూడండి. ఏ మహారాష్ట్ర నుంచో రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు, ఆ తర్వాత కొండ మీద క్యూ కంపార్ట్‌మెంట్‌లో గంటలు గంటలు. మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగరు. కాళ్ళు కదలకపోతే రక్తం నిలుస్తుంది. మామూలు మనిషికి ఏమీ కాదు. ముప్పు ముందే ఉన్నామెకు ఇవన్నీ ఒకదాని మీద ఒకటి చేరతాయి.

మరి మాలా-డి లాంటి, ఈస్ట్రోజన్ ఉన్న గర్భ నిరోధక మాత్రలు ఎవరికి ఇవ్వకూడదు? మా ట్రైనింగులో నేర్పిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. బిడ్డకు పాలిస్తున్నావా, ఎన్నో నెల? ఆరు వారాల లోపు అసలు వద్దు, ఆరు నెలల దాకా వేరే పద్ధతి మేలు. చంకలో రెండు నెలల బిడ్డను పెట్టుకుని వచ్చి అడిగిన ప్రతి తల్లికీ నేను లేదమ్మా అనే చెప్పాను. ఇప్పుడైతే ప్రభుత్వ ఆస్పత్రిలో ఛాయ అనే గర్భ నిరోధక మాత్రలు, అంతర అనే ఇంజెక్షన్ ఉన్నాయి, వాటిలో ఈస్ట్రోజన్ లేదు, అటు పంపండి. 35 దాటి పొగ తాగే అలవాటున్నా వద్దు. ఆడవాళ్ళను ఆ మాట ఎలా అడుగుతామండీ అంటారేమో. అడగండి, కొట్టరు. గుండె జబ్బు, పక్షవాతం, కాలిలో గడ్డ, రొమ్ము క్యాన్సర్, ముదిరిన కాలేయ జబ్బు ఉంటే వద్దు. పెద్ద ఆపరేషన్ దగ్గర్లో ఉంటే ఆ డాక్టర్‌కు చెప్పకుండా వాడకూడదు.

రెండు ప్రశ్నల మీద మాత్రం నేను పట్టుబడతాను, ఎందుకంటే వాటిని ఎవరూ అడగరు. ఒకటి తలనొప్పి. ఒంటి తలనొప్పి (మైగ్రేన్) వస్తుందా అని అడిగితే సగం మంది అవునంటారు. అక్కడ ఆగకూడదు. నొప్పి వచ్చే ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా, చూపులో ఒక ముక్క మాయమవుతుందా, చెయ్యో మూతో తిమ్మిరెక్కుతుందా అని అడగాలి. అవునంటే ఆమెకు ఏ వయసైనా సరే ఈ మాత్ర ఇవ్వకూడదు, పక్షవాతం ముప్పు ఉంది. రెండోది బీపీ. మీలో చాలామంది షాపుల్లో బీపీ మిషన్ అమ్మకానికి పెట్టి ఉంటుంది, ఒకటి పెట్టె విప్పి వాడకానికి పెట్టండి. 140/90 దాటితే షీటు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పంపండి. రెండు నిమిషాల పని.

వేరే మందులేమైనా వాడుతున్నారా అనీ అడగాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపైన్, ఫెనిటోయిన్ వాడుతుంటే ఈ మాత్ర బలం తగ్గిపోతుంది, గర్భం వస్తుంది. ఆ మందులు కూడా మీ దగ్గరే కొంటారు, మీకు తెలియనిదేం కాదు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు లేరు, అంతే.

మరిచిపోయినవాళ్ళు అడిగితే ఏం చెప్పాలో కూడా రాస్తున్నాను, ఎందుకంటే డాక్టర్‌ను అడగరు, మిమ్మల్నే అడుగుతారు. హార్మోన్ మాత్ర ఒకటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మిగతావి మామూలు వేళకే వేసుకోవాలి, ఒకే రోజు రెండు అయినా ఫర్వాలేదు. రెండు, అంతకంటే ఎక్కువ మరిచిపోతే వెంటనే ఒకటి వేసుకుని కొనసాగించాలి, ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. వేసుకున్న మూడు గంటల లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి.

ఇదంతా ఎవరితో మాట్లాడాలి? సగం సార్లు వచ్చేది మొగుడు. హెల్మెట్ కూడా తీయడు, బండి ఆపు చేయడు, పేరు చెప్పకుండా ఫోన్‌లో ఖాళీ షీటు ఫొటో చూపిస్తాడు. ఆమెతో ఒక్క నిమిషం ఫోన్‌లో మాట్లాడిస్తావా బాబూ అని అడగండి. ఆమే వస్తే, వెనకాల పదిమంది నిలబడి ఉండగా "గర్భం రాకుండానా మేడమ్?" అని గట్టిగా అరవకండి. అలా అరిచినందుకే మళ్ళీ ఏ షాపు మెట్టూ ఎక్కని పిల్లలు నాకు తెలుసు. మహిళా యూనివర్సిటీ ఉన్న ఊరు ఇది, హాస్టళ్ళ నిండా ఆడపిల్లలు. కౌంటర్ చివర ఒక మూల చూపించి, అక్కడ మెల్లిగా అడిగితే చాలు.

ఒక కాలే వాచి నొప్పిగా ఉందని ఒక ఆడమనిషి జెల్ ట్యూబు అడిగినప్పుడు, ట్యూబు తీసే ముందు మాత్రలేమైనా వాడుతున్నావా అమ్మా అని అడగండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, కడుపులో భరించలేని నొప్పి ఉంటే ఆమెకు కావలసింది మీ షాపు కాదు. రుయా ఆస్పత్రికో, స్విమ్స్ ఆస్పత్రికో పంపండి, 108కి మీరే ఫోన్ చేయండి. దగ్గర్లో ఉన్నాం, పది నిమిషాల దారి.

డాక్టర్ చీటీ లేకుండా ఏది అమ్మొచ్చు, ఏది కూడదు అన్న రూల్సు నాకంటే మీకే బాగా తెలుసు, వాటిని చదివి వినిపించడానికి నేను ఇన్‌స్పెక్టర్‌ను కాను. నేను అడిగేది, వాడేవాళ్ళకు ముప్పు సంగతి చెప్పమని మాత్రమే. 1960లో అమెరికాలో మొదటి గర్భ నిరోధక మాత్రకు అనుమతి వచ్చినప్పుడు దానిలో హార్మోన్ ఇప్పటికంటే చాలా ఎక్కువ ఉండేది, గడ్డల సంగతి వాడేవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పదేళ్ళ తర్వాత అక్కడి సెనేట్‌లో విచారణ జరుగుతుంటే, ఆడవాళ్ళు మధ్యలో లేచి మాకెందుకు చెప్పలేదని నిలదీశారు. 1970లోనే మాత్రలతో పాటు హెచ్చరిక కాగితం ఇవ్వాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. మన షీట్ల పెట్టెల్లోనూ కాగితం ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలతో, ఇంగ్లీషులో. పైగా మీరు పెట్టెలోంచి షీటు తీసి ఇచ్చేటప్పుడు ఆ కాగితం పెట్టెలోనే ఉండిపోతుంది.

అందుకని నేను ఒక పని చేశాను. పైన రాసిన ప్రశ్నలు, ప్రమాద లక్షణాలు తెలుగులో ఒక పక్క, తమిళంలో ఒక పక్క వేసి, అరచేతిలో పట్టేంత చీటీ తయారు చేశాను. రిటైరైన గైనకాలజిస్ట్ ఒకావిడ దిద్ది ఇచ్చారు. వెయ్యి కాపీలు జిరాక్స్ తీయించాను. మా అక్క కూతురే డబ్బులిచ్చింది. ఆమె ఇప్పుడు బాగానే ఉంది, కాపర్-టి వేయించుకుంది, ఎడమ కాలు సాయంత్రానికి ఇంకా కొంచెం వాస్తుంది. తెగిన పట్టీ మా బీరువాలోనే ఉంది, అతికించమని కంసాలికి ఇద్దామంటే వద్దంటోంది.

వచ్చే సోమవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, మీకు గిరాకీ తక్కువగా ఉండే వేళ చూసి, గాంధీ రోడ్డు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క షాపుకూ వస్తాను. ఒక్కో కట్టలో యాభై చీటీలు ఉంటాయి. పేపరు ముక్కలో చుట్టేటప్పుడు షీటుతో పాటు ఒకటి లోపల పెట్టండి. అయిపోతే చెప్పండి, మళ్ళీ తెచ్చిస్తాను.

ఇట్లు,
చంద్రగిరి మండలంలో పనిచేసి రిటైరైన ఒక ఏఎన్ఎం